సీ అర్చిన్ లార్వాలు పదో రోజుకే ఎందుకు రాలిపోతున్నాయి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా: విశాఖ తీరంలో వలలకు చిక్కిన సాల్మాసిస్ బైకలర్ జాతి అర్చిన్ల (ఒంటినిండా ముళ్ళుండే గుండ్రటి సముద్రజీవులు) నుంచి పొటాషియం క్లోరైడ్‌తో అండాలు, వీర్యం తీశారు. ఫలదీకరణం బాగుంది, రెండో రోజుకు ప్లూటియస్ అనే చేతులున్న లార్వాలు ఈదుతున్నాయి. రెండు లీటర్ల బీకరులో సుమారు ముప్పై వేల లార్వాలు వేసి, ఎయిర్‌స్టోన్ పెట్టి, రొయ్యల హేచరీ నుంచి తెచ్చిన కీటోసెరాస్ అనే సూక్ష్మ ఆల్గేను నీటికి రంగు తేలేదాకా పోస్తున్నారు. వారానికోసారి సగం నీళ్ళు మారుస్తున్నారు. ఆరో రోజు నుంచి చేతులు పొట్టిపడి, పదో రోజుకు అన్నీ అడుగున చేరుతున్నాయి. రూపవిక్రియ పూర్తయి పిల్ల అర్చిన్లు కావాలంటే ఏం చేయాలి?

మీరు రాసిన దాంట్లో అసలు చిక్కు ఆ ముప్పై వేలు. రెండు లీటర్లలో ముప్పై వేలంటే మిల్లీలీటరుకు పదిహేను. తినడం మొదలుపెట్టిన ప్లూటియస్‌కు మిల్లీలీటరుకు ఒకటి మించకూడదు. అంటే మీ బీకరులో రెండు వేలే ఉండాలి. ఆరు చేతుల దశకు వచ్చేసరికి వెయ్యి, ఎనిమిది చేతులు వచ్చాక ఐదు వందలు చాలు. ఒక్క ఆడ అర్చిన్ లక్షల అండాలు వదులుతుంది కాబట్టి మిగతావి పారబోయడానికి చెయ్యి రాదు. అక్కడే పెంపకం చెడిపోతుంది. మిగతా తప్పులన్నీ ఈ రద్దీలోంచి పుట్టినవే: ఎక్కువ నోళ్ళున్నాయని ఎక్కువ ఆల్గే పోస్తారు, మిగిలిన ఆల్గే కుళ్ళి బాక్టీరియా పెరుగుతుంది, ఆ బాక్టీరియాను తినే సీలియేట్లనే ఏకకణ జీవులు వస్తాయి, లార్వాలు ఒకదానికొకటి తగులుకుని ముద్దలు కడతాయి.

అయితే "చేతులు పొట్టిపడ్డాయి" అన్న మాటను మాత్రం సూక్ష్మదర్శిని కింద మరోసారి చూడండి. అది రెండు వేర్వేరు సంగతులు కావచ్చు. అర్చిన్ లార్వాలు తిండిని బట్టి ఒళ్ళు మార్చుకుంటాయి. తిండి తక్కువైతే, ఆహారాన్ని పట్టే సన్న వెంట్రుకల (సీలియా) పట్టీ పొడవు పెంచుకోవడానికి చేతులు సాగదీస్తాయి, పొట్ట చిన్నదిగా ఉంటుంది. తిండి పుష్కలంగా ఉంటే చేతులు కురచగా, పొట్ట పెద్దదిగా ఉంటుంది. కాబట్టి కురచ చేతులు, నిండు పొట్ట, చురుకైన ఈత కలిసి కనిపిస్తే అది జబ్బు కాదు. చేతి కొసల్లో కణజాలం వెనక్కి తగ్గి, లోపలి సున్నపు కడ్డీ సూదిలా బయటికి పొడుచుకొచ్చి ఉంటే మాత్రం నీళ్ళు పాడయ్యాయని అర్థం. మీవి అడుగున పడి ఉంటున్నాయంటున్నారు కాబట్టి ఈ రెండోదే అనుకుంటున్నాను.

ఇంకో మాట. ఎక్కువగా దొరికే ప్రయోగ విధానాలు కాలిఫోర్నియా వైపు దొరికే ఊదారంగు అర్చిన్, స్ట్రాంగైలోసెంట్రోటస్ పర్పురేటస్ కోసం రాసినవి. దాని జన్యుక్రమం 2006లో వెలువడింది, ఆ తర్వాత అందరి నోటా అదే. కానీ అది 15 డిగ్రీల ప్రాణి. ఆ చల్లదనంలో ప్లూటియస్ రావడానికి మూడు రోజులు పడుతుంది. మన తీరపు జాతులను 26, 27 డిగ్రీల్లో పెంచుతాం కాబట్టి ఇంచుమించు ఒకటిన్నర రోజులోనే వస్తుంది. ఆ విధానంలోని గంటలను ఇక్కడ వాడితే ప్రతి దశా మీ చెయ్యి దాటిపోయాకే కనిపిస్తుంది. పెరుగుదల వేగం రెట్టింపు అయినప్పుడు కుళ్ళు వేగం కూడా పెరుగుతుంది. అందుకే అక్కడ మూడు రోజులకోసారి నీళ్ళు మార్చినా సరిపోయేది, ఇక్కడ సరిపోదు. మన నీళ్ళలో ఇది సాధ్యమా అన్న అనుమానం పెట్టుకోకండి. ఇదే సాల్మాసిస్ బైకలర్ పిండాభివృద్ధినీ రూపవిక్రియనూ ఆర్. గోపాల అయ్యర్ 1935లోనే మద్రాసు నుంచి వర్ణించారు.

ఇక మొదటి నుంచీ వద్దాం.

తల్లి అర్చిన్లు. వలలోంచి తీసినవాటిలో ముళ్ళు నిటారుగా కదులుతూ, గొట్టపు పాదాలు గాజుకు అతుక్కునేవాటినే ఏరుకోండి. ముళ్ళు వాలిపోయి రాలుతుంటే వదిలేయండి. కొద్దిపాటి నీళ్ళున్న బకెట్లో కుదిపి తెస్తే దారిలోనే ఒకటి బీజకణాలు వదులుతుంది, దాన్ని చూసి మిగతావీ వదులుతాయి. ల్యాబ్ చేరేసరికి వాటి బీజకోశాలు ఖాళీ. దానికంటే సముద్రపు నీటిలో తడిపిన గుడ్డలో ఒక్కొక్కదాన్ని విడిగా చుట్టి, ఐస్‌బాక్సులో పెట్టి తేవడం నయం. నాలుగైదు గంటలు తట్టుకుంటాయి. జెల్ ప్యాక్ నేరుగా తగలనివ్వకండి, మన జాతులకు మంచు చలి పడదు. అదే వలల్లో సముద్ర దోసకాయలు కూడా పడుతుంటాయి. ఎంత ఆశ పుట్టినా వాటిని తేవద్దు. అవి 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి.

గాజుసామాను గురించి ఎవరూ అడగరు గానీ, సగం వైఫల్యాలు సింకు దగ్గరే మొదలవుతాయి. పిండాలకు వాడే బీకర్లు, పిపెట్లు వేరుగా ఉండాలి. మార్కరుతో "పిండాలకు మాత్రమే" అని రాసి, వేరే బీరువాలో పెట్టండి. వాటికి సబ్బు తగలకూడదు. ఫార్మలిన్ పట్టిన పిపెట్ ఎన్ని కడుగులు కడిగినా దానిలోని లేశమే చాలు. వేడినీళ్ళతో రుద్ది, డిస్టిల్డ్ వాటరుతో మూడుసార్లు కడిగి ఆరబెట్టండి. కొత్త ప్లాస్టిక్ సామాను వారం పాటు సముద్రపు నీటిలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోశాకే వాడండి. నీళ్ళు వచ్చే దారిలో ఇత్తడి కుళాయి గానీ, రాగి పైపు గానీ ఉందేమో చూడండి. అర్చిన్ పిండాలు రాగికి ఎంత సున్నితమంటే, సముద్రపు నీటి కాలుష్యాన్ని పరీక్షించడానికి వాటినే వాడతారు.

నీళ్ళు 0.45 మైక్రోమీటర్ల ఫిల్టరు గుండా రావాలి, లవణీయత వెయ్యికి 32 నుంచి 35, పీహెచ్ 8 నుంచి 8.2. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నదుల వరదనీరు చేరి మన తీరం వెంబడి పైపొర ఉప్పదనం పడిపోతుంది. రుచి చూసి, అలవాటుగా "సముద్రపు నీళ్ళే కదా" అనుకోకుండా ప్రతి డబ్బానూ రిఫ్రాక్టోమీటరుతో కొలవండి. తక్కువైతే అక్వేరియం సముద్రపు ఉప్పు కలిపి పెంచి, ఒక రాత్రి కలియనిచ్చి వాడండి. హార్బరు లోపలి నీళ్ళు ఎంత తేటగా కనిపించినా వద్దు.

పిండాల వరకే పని అయితే ల్యాబులో కలిపిన కృత్రిమ సముద్రజలం కూడా సరిపోతుంది. లీటరుకు సోడియం క్లోరైడ్ 24.72 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.67, రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్ 1.36, ఆరు నీటి అణువులున్న మెగ్నీషియం క్లోరైడ్ 4.66, ఏడు నీటి అణువులున్న మెగ్నీషియం సల్ఫేట్ 6.29, సోడియం బైకార్బనేట్ 0.18 గ్రాములు. కాల్షియం క్లోరైడ్‌ను విడిగా కరిగించి చివర్లో కలపాలి, లేకపోతే తెల్లగా విరుగుతుంది. ఇందులో సూక్ష్మమూలకాలు లేవు కాబట్టి వారాల తరబడి లార్వాలను పెంచడానికి దీన్ని నమ్ముకోకండి.

అండాలు తీయడం మీకు వచ్చినట్టే ఉంది. అయినా కొలతలు చెబుతాను. పొటాషియం క్లోరైడ్ 0.5 మోలార్, అంటే 100 మి.లీ. డిస్టిల్డ్ వాటరులో 3.73 గ్రాములు. నాలుగైదు సెంటీమీటర్ల ప్రాణికి 0.5 నుంచి 1 మి.లీ. చాలు. నోటి చుట్టూ ఉండే మెత్తటి పొర గుండా, సూదిని దవడల యంత్రానికి తగలకుండా పక్కకు వంచి, రెండు మూడు చోట్ల పంచి ఎక్కించండి. నెమ్మదిగా కుదపండి. ఆడది వదిలేవి పసుపు లేదా లేత నారింజ, మగది వదిలేది పాల తెలుపు. ఆడదాన్ని అంచుదాకా నీళ్ళు నింపిన బీకరు మీద బోర్లించండి, పైభాగంలోని రంధ్రాలు నీటికి తగిలేలా. మగదాన్ని నీళ్ళలో బోర్లించవద్దు. వీర్యాన్ని పొడిగా పిపెట్‌తో తీసి చిన్న ట్యూబులో ఐసు మీద పెట్టండి. అలా ఉంచితే గంటల తరబడి పనికొస్తుంది. నీళ్ళు తగిలిన శుక్రకణాలు మాత్రం ఈత మొదలుపెట్టి అరగంటలో అలసిపోతాయి.

అండాలను 150 మైక్రోమీటర్ల నైలాన్ జాలీ గుండా పోసి, ముళ్ళముక్కలూ మలపు గుళికలూ తీసేసి, తేరనిచ్చి, పై నీళ్ళు వంపి, మూడుసార్లు కడగండి. ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద చూడండి. అర్చిన్ అండం క్షయకరణ విభజన ముగించుకునే బయటికి వస్తుంది. కాబట్టి మధ్యలో పెద్ద పారదర్శక కేంద్రకం బుడగలా కనిపిస్తే అది పండని అండం. అవి పదో వంతు మించితే ఆ తల్లిని పక్కన పెట్టేయండి. తీసిన రెండు మూడు గంటల్లోపు వాడేయండి. రెండు మూడు తల్లుల అండాలను ఎప్పుడూ కలపకండి. ఒకటి పాడైతే మూడూ పాడవుతాయి, ఎవరిది తప్పో తెలియదు.

పొడి వీర్యం 10 మైక్రోలీటర్లు 10 మి.లీ. నీళ్ళలో కలిపి, అందులోంచి 1 మి.లీ. తీసి 100 మి.లీ. అండాల నీటికి చేర్చండి. అండాలు అడుగున ఒకే పొరగా పరుచుకునేంత మాత్రమే ఉండాలి. ముందు ఒక్క చుక్క అండాల మీద పరీక్షించి చూడటం మంచిది. నిమిషంలోపు ఫలదీకరణ పొర పైకి లేస్తుంది. నూటికి తొంభై ఐదు లేవకపోతే ఆ బ్యాచ్‌ను పెంచవద్దు. మిగతా ఐదు శాతమే కుళ్ళి నీళ్ళు పాడుచేస్తుందంటే, ముప్పై శాతం ఏం చేస్తుందో చూసుకోండి. పది నిమిషాల తర్వాత రెండుసార్లు కడిగి మిగిలిన వీర్యం తీసేయండి. వీర్యం ఎక్కువైతే ఒక అండంలోకి రెండు శుక్రకణాలు దూరి, మొదటి విభజనలోనే ఒక్కసారిగా మూడో నాలుగో కణాలవుతాయి. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు థియొడార్ బొవేరీ 1902లో క్రోమోజోముల ప్రాముఖ్యం తేల్చింది ఇలాంటి అండాలతోనే. ఆయనకు పనికొచ్చాయి గానీ, మీ బీకరులో అవి శవాలే.

26, 27 డిగ్రీల్లో మొదటి విభజన గంటకు కాస్త అటూ ఇటూ. ఏడెనిమిది గంటలకు బ్లాస్టులా (బోలు బంతిలాంటి పిండం) పొర చీల్చుకుని ఈదుతుంది. పన్నెండు నుంచి పదహారు గంటల మధ్య గాస్ట్రులా (పేగు లోపలికి ముడుచుకునే దశ), ముప్పై ఆరు గంటల ప్రాంతంలో నాలుగు చేతుల ప్లూటియస్. జాతిని బట్టి, వేడిని బట్టి కొంత మారుతుంది. మీ జాతికి మీరే ఒక పట్టిక రాసుకోండి. గాస్ట్రులాలో పేగు లోపలికి వెళ్ళకుండా బయటికి పొడుచుకొస్తే రెండే అనుమానాలు: వేడి హద్దు దాటింది, లేదా నీళ్ళలో ఏదో లోహమో లవణమో చేరింది. పిండశాస్త్రజ్ఞుడు కర్ట్ హెర్బ్‌స్ట్ 1890లలో లిథియంతో కావాలని రప్పించిన వికారం ఇదే.

పొర చీల్చుకున్న ఆ గంట చాలా విలువైనది. ఆరోగ్యమైన బ్లాస్టులాలన్నీ పైకి తేలి మేఘంలా చేరతాయి. చచ్చిన అండాలు, వికారమైన పిండాలు, ఖాళీ పొరలు అడుగున ఉంటాయి. పై మూడు వంతుల నీటినీ సన్నటి గొట్టంతో మెల్లగా మరో శుభ్రమైన బీకరులోకి దించుకుని, అడుగుది మొత్తం పారబోయండి. ఈ ఒక్క పని మానేస్తే తర్వాత ఏ యాంటీబయాటిక్కూ కాపాడదు. అన్నట్టు, పెన్సిలిన్ మి.లీ.కి 100 యూనిట్లు, స్ట్రెప్టోమైసిన్ మి.లీ.కి 50 మైక్రోగ్రాములు ప్లూటియస్ దాకా వాడేవాళ్ళున్నారు. వాడినా తప్పు లేదు. రద్దీని కప్పిపుచ్చడానికి మాత్రం వాడకండి.

లెక్కించడం ఇలా. రంధ్రాలున్న ప్లాస్టిక్ బిళ్ళను కడ్డీకి బిగించి, బీకరులో పైకీ కిందకీ నాలుగైదుసార్లు ఆడించండి. గుండ్రంగా తిప్పితే లార్వాలు మధ్యకు చేరి లెక్క తప్పుతుంది. వెంటనే వెడల్పు మూతి పిపెట్‌తో 1 మి.లీ. తీసి లెక్కించండి. ఐదుసార్లు తీసి సగటు కట్టండి. సగటు 15 వస్తే, రెండు లీటర్ల కొత్త బీకరుకు కావలసిన రెండు వేల లార్వాలు 133 మి.లీ.లో ఉంటాయి. అంతే పోయండి. కావాలంటే అలాంటి బీకర్లు నాలుగు పెట్టుకోండి, ఒకటి పోయినా మూడుంటాయి. మిగిలినవాటిని ఫిక్స్ చేసి (రసాయనంతో చెడకుండా) దాచుకోండి, ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడుకోండి, ఏదైనా చేయండి గానీ ఆ బీకర్లలోకి మాత్రం వేయకండి.

ఎయిర్‌స్టోన్ తీసేయండి. సన్న బుడగలు లార్వాల చేతుల మధ్య చిక్కి వాటిని నీటి పైపొరకు ఎత్తేస్తాయి. అక్కడ అతుక్కున్నది మళ్ళీ కిందికి రాదు. ఈ సాంద్రతలో గాలి కొరత ఉండదు, కావలసింది కదలిక. నిమిషానికి పది నుంచి ఇరవై చుట్లు తిరిగే గేరు మోటారుకు గాజు కడ్డీ, దాని కొసకు అక్రిలిక్ రేకు తెడ్డు కట్టండి. తెడ్డు వెడల్పు బీకరు వెడల్పులో సగానికి మించాలి, అడుగుకు రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. లోహపు మర ఏదీ నీటికి తగలకూడదు. ఒకే మోటారుతో వరుస బీకర్లలో తెడ్లను ఊయలలా ముందుకూ వెనక్కూ ఊపే ఏర్పాటు ఇంకా మంచిది. మోటారును యూపీఎస్‌కు కలపండి. ఎండాకాలం రాత్రి రెండు గంటలు కరెంటు పోతే లార్వాలన్నీ అడుగున కుప్పపడతాయి. వేడి విషయంలో కూడా పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది పనికిరాదు. రోజంతా 27 దగ్గర నిలకడగా ఉండటం ముఖ్యం. బీకర్లను పెద్ద నీళ్ళ తొట్టిలో నిలబెడితే హెచ్చుతగ్గులు తగ్గుతాయి.

తిండి దగ్గరికి వద్దాం. కీటోసెరాస్ తప్పేమీ కాదు. జపాన్ అర్చిన్ హేచరీల్లో లార్వాలకు అదే ప్రధాన ఆహారం. మీ తప్పు రెండు చోట్ల ఉంది. మొదటిది, హేచరీ ట్యాంకులోని కల్చరును నేరుగా పోయడం. రొయ్యల హేచరీల్లో పెద్ద ట్యాంకుల్లో పెంచే ఆల్గే రొయ్య పిల్లలకు సరిపోతుంది గానీ, దాంట్లో బాక్టీరియా, సీలియేట్లు, ఒక్కోసారి గొలుసులు కట్టే స్కెలిటోనెమా అనే ఆల్గే కూడా ఉంటాయి. ఆ గొలుసులు ప్లూటియస్ నోట పట్టవు. అక్కడి నుంచి తెచ్చుకోవలసింది తొలి విత్తనం మాత్రమే. లేదా కొచ్చిలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) లాంటి చోట్ల నుంచి శుద్ధమైన విత్తనం తెప్పించుకుని, ల్యాబులో ఫ్లాస్కుల్లో మీరే పెంచండి. ఆల్గేను పెంచే పోషక ద్రవమైన గిలార్డ్ ఎఫ్/2 మాధ్యమానికి లీటరుకు సోడియం నైట్రేట్ 75 మి.గ్రా., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 5 మి.గ్రా., కీటోసెరాస్ డయాటమ్ (సిలికా కవచమున్న ఆల్గే) కాబట్టి సోడియం మెటాసిలికేట్ 30 మి.గ్రా., వీటికి తోడు సూక్ష్మలోహాలు, విటమిన్లు కావాలి. విటమిన్లు ఆటోక్లేవు అయ్యాకే వేయాలి. ఐదారు రోజుల వయసున్న, ఇంకా పెరుగుతున్న కల్చరే వాడండి. అడుగున పేరుకుని రంగు మారిన ముసలి కల్చరు లార్వాలకు విషమే.

రెండో తప్పు మాధ్యమంతో సహా పోయడం. అందులో నైట్రేటు, ఫాస్ఫేటు, సూక్ష్మలోహాల కింద కొంత రాగి కూడా ఉంటాయి. సెంట్రిఫ్యూజులో తక్కువ వేగంతో ఐదు నుంచి పది నిమిషాలు తిప్పి, పై నీళ్ళు పారబోసి, శుభ్రమైన సముద్రపు నీటిలో కలిపి పోయండి. కీటోసెరాస్‌కు బదులు డునలియెల్లా అనే ఆల్గే వాడితే, దానికి గట్టి కణకవచం లేదు, వేగం ఎక్కువైతే పగిలిపోతుంది.

రంగు చూసి కొలవడం మానేయండి. హీమోసైటోమీటరులో (కణాలు లెక్కించే గళ్ళ గాజుపలక) నాలుగు మూలల పెద్ద గళ్ళ సగటును పది వేలతో హెచ్చవేస్తే మి.లీ.కి కణాల సంఖ్య వస్తుంది. డునలియెల్లా, రోడోమోనాస్ అనే మరో ఆల్గే ఈదుతుంటాయి కాబట్టి లెక్కించే నమూనాలో ఒక చుక్క లుగోల్ అయోడిన్ వేసి చంపండి. ఆ పిపెట్‌ను లార్వాల గదికే తేకండి. సగటు 150 వచ్చిందనుకోండి, మి.లీ.కి 15 లక్షల కణాలు. మీకు రెండు లీటర్ల బీకరులో మి.లీ.కి 6 వేల కణాలు కావాలంటే మొత్తం 120 లక్షలు, అంటే 8 మి.లీ. కల్చరు. మీరు రంగు తేలేదాకా పోసినప్పుడు ఎన్ని రెట్లు పోశారో ఈ 8 మి.లీ. చూస్తే అర్థమవుతుంది. ఇంత ఆల్గే వేసినా రెండు లీటర్ల నీటికి రంగే రాదు.

మోతాదులు: రోడోమోనాస్ దొరికితే అదే శ్రేష్ఠం, నాలుగు చేతుల దశలో మి.లీ.కి 3 వేలు, ఎనిమిది చేతులకు 6 వేలు. డునలియెల్లా 5 వేలతో మొదలుపెట్టండి. కీటోసెరాస్ చిన్నది కాబట్టి 5 నుంచి 10 వేలతో మొదలై చివరికి 20 వేల దాకా వెళ్ళవచ్చు. పేగు మూడు భాగాలుగా విడిపోయి నోరు తెరుచుకున్నాకే, అంటే రెండో రోజు, మొదటి మేత. మర్నాడు నీటిచుక్క చూడండి. ఆల్గే ఇంకా దట్టంగా ఉంటే మేత సగం చేయండి. ఒక్కటీ లేకుండా, పొట్ట పారదర్శకంగా ఉంటే పెంచండి. పొట్టలో రంగు కనిపిస్తుంటే ఉన్నది సరిపోతోంది.

నీళ్ళు రెండు రోజులకోసారి, ఎనభై శాతం మార్చాలి. లార్వాలను జాలీ మీద పోసి వడకట్టవద్దు, కడ్డీలు విరుగుతాయి. ప్లాస్టిక్ గ్లాసు అడుగు కోసేసి, అక్కడ 60 మైక్రోమీటర్ల నైలాన్ జాలీ అతికించండి. దాన్ని బీకరులోకి దించితే లార్వాలు బయట, నీళ్ళు లోపల. ఆ లోపలి నీటిని సన్న గొట్టంతో మెల్లగా లాగేయండి. జాలీ చుట్టూ లార్వాలు అతుక్కుంటుంటే లాగుడు వేగం ఎక్కువైందని అర్థం, గొట్టం కొసను పైకెత్తండి. ఎనిమిది చేతులు వచ్చాక 100 మైక్రోమీటర్ల జాలీకి మారవచ్చు. కొత్త నీళ్ళు అదే వేడిలో ఉండాలి, బీకరు గోడ వెంట జారాలి. వారానికోసారి బీకరునే మార్చండి, గోడలకు పట్టిన జిగురు పొరలోనే సీలియేట్లు కాపురముంటాయి. గాజు పిపెట్, జాలీ గ్లాసు ఒక్కో బీకరుకు ఒక్కోటి. లేకపోతే ఒక బీకరు రోగం అన్నింటికీ మీరే పంచినవారవుతారు.

ఇలా నడిపితే రెండో వారంలో పొట్ట ఎడమ పక్క చిన్న గుంట కనబడుతుంది. చర్మం లోపలికి ముడుచుకుని, గొట్టపు పాదాలు పుట్టే ఎడమ పక్క లోపలి సంచిని (హైడ్రోసీల్) కలిసిన చోటే పిల్ల అర్చిన్ తయారయ్యే మొగ్గ. అప్పటి నుంచి మేత తగ్గించకండి, లార్వా తిన్నదంతా దాన్ని కట్టడానికే పోతుంది. మూడు నాలుగు వారాలకు ఆ మొగ్గ పొట్టనంతా ఆక్రమిస్తుంది. లోపల ఐదు గొట్టపు పాదాలు, బొడిపెల్లాంటి ముళ్ళు ఆడుతుంటాయి. లార్వా బరువెక్కి అడుగుకు దిగుతుంది. ఇక్కడ కంగారు పడి పారబోసేవాళ్ళున్నారు. మొదట అడుగున పడ్డవి జబ్బువి, ఇవి మాత్రం నేల వెతుక్కుంటున్నవి. గొట్టపు పాదం బయటికి చాచి గాజును తడుముతోందేమో చూస్తే తేడా తెలుస్తుంది.

రూపవిక్రియకు సంకేతం కావాలి. ముందుగానే గాజు పలకలను గానీ, పెట్రీ డిష్‌లను గానీ పారే సముద్రపు నీటిలో వారం పది రోజులు ఉంచి, గోధుమరంగు డయాటమ్, బాక్టీరియా పొర పట్టనివ్వండి. సున్నపు ఎర్రఆల్గే పట్టిన చిన్న రాయి దొరికితే ఇంకా మంచిది, కానీ దాని మీద పురుగులూ కోపీపాడ్‌లనే చిన్న జలచరాలూ లేకుండా చూసుకోండి. ప్రయోగానికి అన్నీ ఒకేసారి మారాలంటే పొటాషియం వాడవచ్చు. సముద్రజలంలో సహజంగా ఉన్న సుమారు 10 మిల్లీమోలార్‌కు తోడు మరో 40 నుంచి 70 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ చేర్చిన నీటిలో గంటసేపు ఉంచి, మామూలు నీటికి మార్చాలి. మీ జాతికి ఎంత సరిపడుతుందో పది పది లార్వాలతో ముందు చూసుకోండి. పండని లార్వాను బలవంతంగా మారిస్తే చేతులు ముడుచుకుంటుంది గానీ నిలబడదు.

మారడం గంటలో పనే. మిగిలేది అర మిల్లీమీటరు లోపు పిల్ల. దానికి వారం దాకా నోరు తెరుచుకోదు, లార్వా కణజాలాన్ని కరిగించుకుంటూ బతుకుతుంది. ఆ వారం మేత వేయకండి, పలక నుంచి గీకి తీయకండి, మూడు రోజులకోసారి మెల్లగా నీళ్ళు మార్చడం తప్ప. ఎక్కువ చావులు ఆ తర్వాత, నోరు తెరుచుకున్న రోజుల్లోనే ఉంటాయి. అప్పుడు పళ్ళకు అందేంత పల్చటి నావిక్యులా, నిట్జ్‌షియా డయాటమ్‌ల పొర ఉండాలి. మందమైన పొర రాత్రిపూట అడుగున ఆక్సిజన్ మింగేసి పిల్లలను చంపుతుంది. పలక గుండా కింద పెట్టిన అక్షరాలు చదవగలిగితే ఆ పొర సరైన మందంలో ఉన్నట్టు. పిల్లలు గీరిన చోట తెల్లటి దారులు కనబడుతుంటాయి. ఆ దారులు పలకంతా అల్లుకోగానే కొత్త పలకను పక్కనే ఆనించండి, వాటంతట అవే నడిచి వెళ్తాయి. రెండు మూడు మిల్లీమీటర్లు దాటాక లేత ఉల్వా (ఆకుపచ్చ సముద్రపు నాచు) ముక్కలు మొదలుపెట్టవచ్చు. మిగిలిన ముక్కను మర్నాడే తీసేయాలి.